దోన్ కొసాకు సంతకం

మా మేనమామ గీసిన బొమ్మ కింద మా మేనమామ పేరు రాయించడానికి ఈ ఏడాది కరీంనగర్‌లో ఒక మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కాను. అవి ముప్పై రెండే మెట్లని అక్కడి మేడమ్ అంటుంది. నా మోకాళ్ల లెక్కలో మూడు వందలకు తక్కువ ఉండవు. చీమ గురించి చెప్పమంటే ఏనుగును తోలుకొస్తానని నా మీద ఇంట్లో ఒక అపవాదు ఉంది. ఈ సంగతిలో మాత్రం ఏనుగే వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పెంచి చెప్పడానికి నాకు ఏమీ మిగల్చలేదు.

మామ మంచిర్యాలలో నలభై ఏళ్లు బోర్డులు రాశాడు. కిరాణా దుకాణాలు, బడి గోడలు, లారీల వెనక భాగాలు, బొగ్గుబాయిల దగ్గర జాగ్రత్తలు చెప్పే పలకలు, అన్నీ ఆయన చేతివే. ఆయన సున్న చుడితే అవుసులాయన వచ్చి ఉంగరానికి కొలత తీసుకునేవాడు. 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని ఒక గోడ మీద రాస్తే, వచ్చినవాళ్లు ఆ అక్షరాల పొందికకు నిలబడిపోయి, రెండుసార్లు చదువుకుని, వచ్చిన పని మరిచి వెనక్కి పోయేవారు. ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. గోడలకు సున్నం పడింది, రేకులు తుప్పు పట్టాయి, లారీలు తుక్కుకు పోయాయి. నలభై ఏళ్ల పని, ఎవరో తడిగుడ్డతో పలక తుడిచినట్టు పోయింది.

ఊరందరి పేర్లూ రాసిన ఆ చెయ్యి తన పేరు ఎక్కడా రాయలేదు. బోర్డు మూలన సన్నగా సొంత పేరు పెట్టుకోవడం మిగతా పెయింటర్లకు అలవాటు. మామకు అది గిట్టేది కాదు. వడ్డించే మనిషి బంతి నడుమ తనూ ఒక విస్తరి వేసుకుని కూర్చోవడం లాంటిదనేవాడు. ఆ పౌరుషం డెబ్బై ఏళ్ల దాకా బాగానే సాగింది. ఇప్పుడు నస్పూర్‌లో ఒక కంట్లో శుక్లం పెట్టుకుని కూర్చుంటే, పెయింటర్ అనే మాట పట్టుకుని జనం ఫోన్ చేసి ఇంటికి రంగులు వేస్తావా, బాత్రూమ్ తలుపుకు ఏ రంగు మంచిది అని అడుగుతున్నారు. అలాంటి ఒక ఫోన్ పెట్టేశాక నాతో మెల్లగా అన్నాడు.

"ఒక్క బొమ్మ కింద చిత్రకారుడు అని రాసి, పక్కన నా పేరు. గంతే అల్లుడా. కండ్లు కనవడంగనె సూడాలె."

రేషన్ కార్డుల ఉన్నది గద పేరు, అది సూసుకో అని అత్త వంటింట్లో నుంచి అంది. మామకు మిగిలిన బొమ్మ ఒక్కటే ఉంది. అది ఒక రష్యా మనిషిది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి సంగతి. మా ఇల్లు అప్పుడు మందమర్రిలో, కార్మికుల క్వార్టర్. రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చే నున్నటి కాగితాల పత్రిక ఒకటి మా వాడలో ఇంటింటికీ చేరేది. చదివేవాళ్లు తక్కువ, నోట్‌బుక్కులకు అట్టలు వేసుకునేవాళ్లు ఎక్కువ. నా లెక్కల నోట్‌బుక్కుకు ఒక మీసాల మనిషి అట్ట అయ్యాడు. నెత్తి మీద గొర్రెబొచ్చు టోపీ, మిరపపండు బుగ్గలు, ఒక్కో మీసం సైకిల్ హ్యాండిల్‌లో సగం. పక్కన 'దోన్ కొసాకు' అని అచ్చు. దోన్ అంటే అక్కడి నది అనీ, ఆ నది ఒడ్డున గుర్రాల మీద తిరిగిన యుద్ధవీరులను కొసాకులంటారనీ నాకు తెలిసేసరికి నా నెత్తిన సగం జుట్టు పోయింది. అప్పట్లో మాత్రం ఆయన నా లెక్కలు చూసే అంత కోపంగా ఉన్నాడనుకునేవాణ్ని.

ఒక ఆదివారం మామ మా ఇంటికి వచ్చాడు. చాయ్ గ్లాసు అందుకోబోయి ఆ అట్ట చూశాడు. గ్లాసు ఆయన తోబుట్టువైన మా అవ్వ చేతిలోనే ఉండిపోయింది. మామ నా నోట్‌బుక్కు అట్ట ఊడదీసి, మేకపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి చూసుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు అట్ట లేదని సారు నన్ను కొట్టిన దెబ్బల చప్పుడు సైరన్ అనుకుని, మా వాడలో కార్మికులు వేళ కాకముందే షిఫ్టుకు బయల్దేరారు.

బొమ్మ వేయడానికి గుడ్డ కావాలన్నాడు మామ. బాయి లోపల గాలిని మళ్లించడానికి మందపాటి గుడ్డ పరదాలుగా కడతారు. చినిగి పడేసిన అలాంటి ముక్క ఒకటి బాయిలో పనిచేసే మా బాపు తెచ్చిచ్చాడు. మామ దాన్ని నల్లా కింద ఉతికితే బస్తీ మోరీ అంతా మూడు రోజులు నల్లగా పారింది. దాన్ని బిగించడానికి నా నులక మంచం నులక విప్పి చట్రం తీసుకున్నాడు. ఆ కొసాకు మూడు నెలలు నా మంచం మీద నిలబడ్డాడు, నేను కింద చాప మీద పడుకున్నాను.

చిక్కు చేతుల దగ్గర వచ్చింది. అట్ట వేసుకునేటప్పుడు ఆ మనిషిని ఛాతీ కిందికి నేనే కత్తిరించేశాను. చేతులు ఎలా ఉన్నాయో నాకు గుర్తు లేదు. కత్తి పట్టుకున్నాడని ఒకరోజు, గుర్రం కళ్లెం పట్టుకున్నాడని ఇంకోరోజు చెప్పాను. మామ నన్ను నమ్మడం మానేసి, షిఫ్టు దిగి వచ్చిన బాపును ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు. ఒక కట్టె మీద రెండు చేతులూ పెట్టమన్నాడు. బాపు పెట్టాడు, పెట్టినవాడు పెట్టినట్టే నిద్రపోయాడు. రోజూ అంతే. మామ ఆ నిద్రపోయే చేతులే గీశాడు. వేళ్ల గీతల్లో ఎంత తోమినా పోని బొగ్గును కూడా సన్నటి కుంచెతో ఒక్కో గీతా గీశాడు. అలా దోన్ నది వీరుడికి మందమర్రి చేతులు వచ్చాయి. బాపు ఇప్పుడు లేడు. ఫోటోల్లో ఆయన ముఖం ఉంది గానీ, ఆ చేతులు ఆ బొమ్మలో తప్ప ఎక్కడా లేవు.

చివర మామ చేసిన తప్పు, ఆయన నిజాయితీలో నుంచి వచ్చింది. అట్ట మీద ఉన్నది ఏదీ వదలకూడదని, 'దోన్ కొసాకు' అన్న అక్షరాలను కూడా కుడి మూలన అచ్చంగా దించాడు. చిత్రకారులు సంతకం పెట్టే చోట. కొమ్ములకు వంపులు, 'కు'కు తోక, నా పెళ్లి పత్రిక మీద కూడా అంత శ్రద్ధ పడలేదు.

బొమ్మను మంచిర్యాలలో తన దుకాణంలో వేలాడదీశాడు. ఆసిఫాబాద్ దిక్కు నుంచి బీడీ ఆకు కాంట్రాక్టరు ఒకాయన బోర్డు రాయించుకోవడానికి వచ్చాడు. ఇంట్లో మరాఠీ, బజారులో తెలుగు మాట్లాడే మనిషి. ఆ అక్షరాలు చదివి కదల్లేదు.

"దోన్ అంటె మా తాన రెండు. కొసాకు అంటె కొసన ఉన్న ఆకు. రెండు కొసాకులు. బీడీకి గింతకన్న మంచి మార్కా ఉంటదా, నువ్వె చెప్పు."

మామకు కూడా ఆ మాటకు అర్థం తెలియదు. అప్పటికి అంతకన్నా మంచి అర్థం ఎవరూ చెప్పలేదు కనుక, గంతే కావచ్చు అన్నాడట. కాంట్రాక్టరు బొమ్మను తన ఆకు గోదాముకు తీసుకుపోయాడు. మరుసటి ఏడు జగిత్యాల దిక్కు బీడీ కట్టల మీద ఆ ముఖం చిన్నగా అచ్చయి వచ్చింది. గుర్రం మీద ఊళ్లు గడగడలాడించిన మనిషి, చేటల్లో ఆకులు కత్తిరించే ఆడవాళ్ల ముందు కూర్చుని 'మీసాల కట్ట' అనిపించుకున్నాడు. కొన్నేళ్లకు ఆ బీడీ ఆగిపోయింది. బొమ్మ గోదాములోనే ఉండిపోయింది.

ఇప్పటి కథకు వస్తాను. కరీంనగర్‌లో ఒక హాలు కట్టారు. పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల చిత్రకారులవి ఒక్కొక్కరిది ఒక్కో బొమ్మ శాశ్వతంగా పెడతామని, కింద చిత్రకారుడి పేరుతో కార్డు ఉంటుందని పేపర్లో వచ్చింది. మామ ఆ ముక్క కత్తిరించి, చొక్కా జేబులో పెట్టుకుని, మంచిర్యాల నుంచి బస్సెక్కి కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చాడు. ముక్క తీసి నా ముందు పెట్టి, నీళ్లు తాగాడు.

ఇద్దరం ఆసిఫాబాద్ పోయాం. కాంట్రాక్టరు కొడుకు గోదాము తెరిచాడు. బొమ్మ మేకుకు అలాగే ఉంది. ఆ ఆకు ఘాటుకు చెదలు కూడా దగ్గరికి రాలేదు. బొమ్మను తీసుకుపోతామంటే ఆయన కాసేపు దిగులుగా చూశాడు. అది వాళ్ల తాత అనుకుంటున్నాడట.

"గసుంటి మీసం మా ఇంట్ల ఎవ్వనికి మొలువలే. నాకు అప్పటికె డౌటు" అని, తనే నిచ్చెన వేసి దించాడు.

తిరుగు ప్రయాణంలో కొసాకుకు కిటికీ సీటు దొరికింది. మామకు పక్క సీటు. నేను చెన్నూరు మిరపకాయల బస్తా మీద ఒక కాలు పెట్టి, కరీంనగర్ దాకా కొంగలా వచ్చాను. బొమ్మను హాలులో అప్పగించినప్పుడు చిత్రకారుడి పేరు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

హాలు తెరిచిన రోజు మామ ఇస్త్రీ బట్టలు వేసుకున్నాడు. తలకు నూనె రాసి అత్తే దువ్విందట. బొమ్మ మంచి వెలుతురులో ఉంది. నలుగురు నిలబడి ఆ చేతుల వంకే చూస్తున్నారు. మామ వాళ్ల వెనక నిలబడి, వాళ్లు జరిగేదాకా ఆగి, కార్డు దగ్గరికి పోయి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. నేనూ వంగి చదివాను.

'చిత్రం: ఒక గ్రామస్థుడు. చిత్రకారుడు: దోన్ కొసాకు.'

నాకు చెవుల్లో నుంచి పొగలు వచ్చాయి. అక్కడ మంటలు ఆర్పే ఎర్ర డబ్బా ఉంటే దాని వంక చూశాను కూడా. మామ మాత్రం కార్డు అంచు వేలితో సవరించి, అక్షరాలు దూరం దూరం వడ్డయ్ అన్నాడు. భోజనాలు పెట్టారు, తినలేదు.

ఆ పూటే మొదటిసారి హాలు వాళ్ల ఆఫీసు మేడ మెట్లెక్కాను. కార్డుల పని చూసే మేడమ్ మంచి మనిషి. అదే నా బాధ. కసిరే మనిషైతే తిరిగి కసరవచ్చు. ఆమె కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చి, నిబంధన చదివి వినిపించింది. బొమ్మ మీద ఏ పేరుంటే కార్డు మీద అదే పేరు. అది బొమ్మలో మనిషి పేరు, అతనిది రష్యా అని చెప్పాను. మా దగ్గర ఊరి పేరుకు కాలమ్ లేదు సార్ అంది.

రెండోసారి నాలుగు పేజీల వివరణ రాసుకుని పోయాను. దోన్ నది పుట్టుక దగ్గర మొదలుపెట్టి, గుర్రాల జాతులు దాటి, బీడీ ఆకు దాకా వచ్చాను. ఆమె నాలుగు పేజీలూ చదివింది. ఇంతవరకూ నా రచన ఏదీ అంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు. చదివి, పేపర్లు సర్ది నా చేతికిచ్చింది.

"మంచిగున్నది సార్. ఇగ ఆ దోన్ కొసాకు సార్‌తోని, నాకు అభ్యంతరం లేదు అని ఒక కాయితం రాయించుకొని రాండ్రి. పేరు మార్చేస్తం."

ఆయన పోయి నూరేళ్లు దాటి ఉంటుందన్నాను. అయ్యో అంది, నిజంగానే. అట్లయితే మరణ ధ్రువపత్రం, దాంతో పాటు వారసుల కాయితం అంది. వారసులు గుర్రాల మీద వస్తారు, మీ గేటు దగ్గర గడ్డి ఉందా అని అడిగాను. కింద కూరగాయల మార్కెట్ ఉంది సార్ అని చెప్పింది.

మూడోసారి బాపు రిటైరైన రోజు తీసిన ఫోటో తీసుకుపోయాను. ఆ చేతులు మా బాపువి, గీసింది మా మామ, ఇంకేం సాక్ష్యం కావాలన్నాను. ఫోటోలో బాపు చేతులు దండ కింద పోయాయి. మెడ నిండా బంతిపూలు, పూల కింద ఏమీ కనబడదు. ఆమె ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మీ మామనే ఒకసారి తోలుకొని రాండ్రి, అక్షరాలు ఆయనవే అయితే ఆయనతోనే రాయించి చూద్దాం అంది. ఆ మాటకు నేను ఆమెకు రెండు చేతులూ జోడించాను. చిక్కంతా ఇంత తేలికగా విడుతుందని తెలియక మూడుసార్లు వాదించానని సిగ్గు కూడా పడ్డాను.

నాలుగోసారి మామతో పోయాను. ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడ మీద అంటించిన నోటీసుల్లో వంకర అక్షరాలను తిట్టుకుంటూ ఎక్కాడు. మేడమ్ లేచి ఎదురొచ్చి, దా కాకా అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తెల్లకాగితం, స్కెచ్‌పెన్ను ముందు పెట్టింది. బొమ్మ మీది అక్షరాలు అలాగే రాసి చూపించమంది.

మామ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. కాగితాన్ని కొంచెం పక్కకు తిప్పుకున్నాడు. స్కేలు వద్దన్నాడు. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, ఎడమ చేతి చిటికెన వేలు ఆనించుకుని రాశాడు. ఇన్నేళ్ల తర్వాత 'కొ' అదే కొమ్ముతో లేచింది, 'కు' అదే తోకతో దిగింది. మేడమ్ సెల్‌ఫోన్‌లో బొమ్మ ఫోటో తెరిచి పక్కన పెట్టింది. వెంట్రుక తేడా లేదు. పక్క గదిలో నుంచి ఇద్దరు ఉద్యోగులు వచ్చి చూసి, మా ఇంటికి నేమ్‌ప్లేట్ రాస్తావా కాకా అని అడిగారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, గెలిచిన పహిల్వానులా అందరి వంకా చూశాను.

మేడమ్ రిజిస్టర్ తెరిచింది.

"సంతకం కలిసింది. ఇగ ఫికర్ లేదు. దోన్ కొసాకు అంటె మీరె, కాకా."

నేను లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. మళ్లీ లేచాను. అది సంతకం కాదు తల్లీ అని మొదటి నుంచి మొదలుపెట్టాను. నది, గుర్రం, లెక్కల నోట్‌బుక్కు, రెండు కొసాకులు. ఆమె చివరిదాకా విని, నాకే ఏదో నలతగా ఉందన్నట్టు చూసింది.

"మరి నేనేమంటున్న సార్? బొమ్మ మీద పేరు రాసినాయన ఈయననె అని మీరె గద చెప్తున్నరు. నేను గదే రాస్తున్న."

మామ అసలు పేరు కూడా పెట్టించాలని ఆమెకూ ఉంది. ఒక దారి వెతికింది. 'చిత్రకారుడు: దోన్ కొసాకు' అని రాసి, తర్వాత బ్రాకెట్‌లో 'అసలు పేరు' అని మామ పేరు వేస్తామంది. రిజిస్టర్‌లో ఒక్క సంతకం కావాలంది. మామ తన పేరు సంతకం చేశాడు. ఆమె నొచ్చుకుంటూ రిజిస్టర్ వెనక్కి తిప్పింది. ఇది కలువదు కాకా, దానితోని కలువాలె అంది.

మామ నా వంక చూశాడు. తన పేరు మీద ఒక్క గీత, సన్నగా, తిన్నగా కొట్టాడు. దాని కింద 'దోన్ కొసాకు' అని రాశాడు. అంత కోపంలోనూ కొమ్ములు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కార్డు గంటలో అచ్చయింది. హాలులో పాతది తీసి కొత్తది పెట్టారు. మామ ముక్కు ఆనేంత దగ్గరగా పోయి చదివాడు. తన పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కదిలిస్తూ చివరిదాకా పోయి, చివర ఆగిపోయాడు. ఈసారి కళ్లనీళ్లు పెట్టుకుంటాడని నేను రుమాలు తీసి సిద్ధంగా పట్టుకున్నాను. రుమాలు నాకే పనికొచ్చింది, చెమట తుడుచుకోవడానికి. మామ నా చొక్కా పట్టి కార్డు దగ్గరికి లాగాడు. బ్రాకెట్ తెరిచారు గానీ మూయలేదు.

వదిలెయ్ మామా, పేరు పడ్డది గద అన్నాను. ఇంకోసారి ఆ రిజిస్టర్ ముందు కూర్చునే బలం నాలో లేదు. ఆయన బస్టాండు దాకా నడిచాడు. మంచిర్యాల బస్సు ఎక్కి, కిటికీలో నుంచి తల బయటికి పెట్టి అన్నాడు.

"తెరిసిన బ్రాకెట్ మూయకుంటె, నా పేరు ఎన్క ఇంకెవడన్న అచ్చి జొర్రుతడు రా. మూపియ్యి."

మేడమ్‌కు ఫోన్ చేశాను. తప్పకుండా సరిచేస్తాం సార్ అంది. చిత్రకారుడు సంతకం పెట్టిన దరఖాస్తు ఒకటి కావాలంది. ఏ సంతకమో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

దరఖాస్తు రాసుకుని నస్పూర్ పోయాను. మామ దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, నేను రాసిన వాక్యాల మధ్య ఖాళీలు సరిగ్గా లేవని మొత్తం తిరిగి తన చేత్తో రాశాడు. ఒక బ్రాకెట్ మూయమని అడిగే కాగితం అంత అందంగా ఏ సర్కారు కచేరీకీ పోయి ఉండదు. కింద సంతకం దగ్గర పెన్ను ఆగింది. అత్త వచ్చి నిలబడింది. మామ తన పేరు రాశాడు. ఇంటి పేరుతో సహా, పూర్తిగా.

ఇది కలువదు మామా, వాపసు పంపుతరు అన్నాను.

"పంపనియ్. మల్ల రాసిస్త" అని కాగితం నా చేతికిచ్చాడు. సోమవారం ఆఫీసు పదిన్నరకు తెరుస్తారట. పోతున్నాను.